గడియ లేని తలుపు

కాగితం మీద ఐదు మొహాలు గీసి తెచ్చినాడు
చిన్న డాక్టరబ్బాయి.
ఏడుపు మొహం నించి ఇకిలింపు మొహం దాకా.
ఇంటికి పోతుండారు గదమ్మా,
మా వార్డు ఎట్టా ఉండిందో
ఒకదాని మీద టిక్కు పెట్టండి, అన్నాడు.

పెన్ను ఇచ్చినాడు.
ఇరవై మూడు దినాల్లో
మొన ఉండే వస్తువు నా చేతికి రావడం ఇదే.
కాసేపు దాన్నే చూసుకుంటా కూర్చున్నా.

అబ్బయా, నేను రొయ్యల షెడ్డులో తలలు తీసేదాన్ని.
ఐసులో చేతులు పెట్టి, కిలోకి ఇంతని.
నా తల యాడ పెట్టి మరిచినానో
మావోళ్లు జొన్నవాడలో వెతికినారు,
ఏఎస్‌పేట దర్గాలో నలభై నిద్రలు చేయించి వెతికినారు,
ఆఖరికి నెల్లూరు పెద్దాసుపత్రికి
ఆటోలో ఒత్తిపట్టి తెచ్చినారు.

వచ్చిన రాత్రికి ఏ మొహం పెట్టమంటావు?
గాజులు తీసినారు, జడపిన్నులు తీసినారు,
లంగా బొందు లాగేసినారు.
ఎందుకని ఒక్కరూ చెప్పలా.
నలుగురు పట్టి గాజుగుడ్డతో మంచానికి కట్టినారు.
కట్టింది తప్పని అనను, ఆ పూట నేను కరిచినా.
దాహమని అరిస్తే
"పదకొండు గోల చేస్తుండాది" అని
ఒకరితో ఒకరు చెప్పుకున్నారు.
పదకొండుకి దాహమెయ్యదు గదా. అది నెంబరు.

పెద్ద డాక్టరు వచ్చినాడు.
మంచివోడే, చేతులు సబ్బుతో కడుక్కునే వస్తాడు.
నిద్ర పోతుందా, తింటుందా అని
నా ముందరే మా తమ్ముడు మాల్యాద్రిని అడిగినాడు.
తింటుంది సార్, అన్నాడు వాడు.
నాలుగు దినాల తర్వాత వాడు రావడం అదే.

నోరు తెరు, నాలిక ఎత్తు, ఇంకా ఎత్తు.
నాలిక కింద మాత్ర దాచినానేమో అని చూస్తారు.
నాలిక మీదకొచ్చిన మాట వినేదానికి
వాళ్లకి తీరిక లేదు.
ఒక సిస్టరు, డెబ్బై మంచాలు.
నేను లెక్కబెట్టినా, నాకు వేరే పనేముండాది.

ఇంక బాత్రూము.
తలుపులకి గడియలు పీకేసినారు.
లోపల వేసుకుని ఏమన్నా చేసుకుంటామని.
నిజమే, చేసుకునేవోళ్లు ఉండారు.
కానీ ఎవురు తోసుకుని వస్తారో అని
ఒక చేత్తో తలుపు పట్టుకుని
ఒక చేత్తో చెంబు పట్టుకుని
సగం మనిషికే నీళ్లు పోసుకున్నా పన్నెండు దినాలు.

పదమూడో దినం ఆయా పెంచలమ్మ
తలుపు దగ్గరగా వేసి, దానికి వీపు ఆనించి
అటు తిరిగి నిలబడింది.
"పోసుకోమ్మే మస్తానమ్మా, నేనుండా" అనింది.
కొర్రమీను రేటు పెరిగిందనింది,
మూడు నెలలుగా తనకి జీతం రాలేదనింది,
మోకాలు సలుపుతుండాదనింది.
ఒక్కసారి కూడా వెనక్కి తిరగలా.

ఆ పొద్దు రెండు చేతుల్తో తలంటుకున్నా అబ్బయా.
తల ఉండాది. చేతులకి తగిలింది.

నీ కాగితంలో అన్నీ మొహాలే. ఒక్క వీపు లేదు.
తిప్పి చూసినా, వెనక తెల్లగా ఉండాది.
మాత్రల వణుక్కి అక్షరాలు రొయ్య మీసాల్లా పోయినాయి,
అయినా రాసినా:
పెంచలమ్మ జీతం ఇయ్యండి.
తలుపు కాడ ఒక మనిషిని పెట్టండి, మగోళ్లు వద్దు.

దీనికి ఇక్కడ గడి లేదమ్మా, అన్నాడు.
తలుపుకి గడియ లేదు, మాటకి గడి లేదు.
పాపం, వాడికీ నిద్ర లేదు, కళ్లు ఎర్రగా ఉండాయి.
పెన్ను తిరిగి ఇచ్చేసినా.

పోతుండా. మాల్యాద్రి కింద ఆటో మాట్లాడుతుండాడు.
రాత్రి పన్నెండో మంచంలోకి ఒకామె వచ్చింది,
చేతులు కట్టేసి ఉండాయి, పెదాలు ఎండినాయి.
నా గ్లాసులో నీళ్లు పట్టి అడిగినా.
వింజమూరంట.
ఆమె పేరు చెంగమ్మ.
యాడన్నా రాసి పెట్టుకో.