మీ యాడి యాడ?

గోడమీది చార్టులో
అ పక్కన అమ్మ.
జరీ అంచు చీర, మల్లెపూలు,
ఎప్పుడూ మన్ను ముట్టని చేతులు.
స్కేలు కొసతో తాకి, ఎవరిది అంటాను.
"మేడమ్" అంటాడు లోకేశు.
సూపర్‌వైజరమ్మ అనుకున్నాడు పాపం.

అమ్మరా, అమ్మ.
వాడు తలుపు దిక్కు చూస్తాడు.
"యాడి?" అంటాడు, ఆశగా.

మా తండాలోంచి చూస్తే గుత్తికోట
పండుకున్న ఎద్దు మూపురం మాదిరి ఉంటుంది.
దాన్ని చూసుకుంటానే నేనూ అక్షరాలు దిద్దినాను.
మూడో తరగతిలో నోరు జారి "పాణీ" అన్నందుకు
నీళ్లు తాగనీయకుండా నిలబెట్టిన సారు
మంచోడే, జ్వరమొస్తే సైకిలు మీద ఇంటికి దింపినోడే.
మాట ఒక్కటే ఆయనకు మురికిగా కనపడింది.
పలక తుడిచినట్టు తుడిచినాడు.
నేనూ ఎంగిలి పెట్టి సాయం చేసినాను.

ఇప్పుడు నా అంగన్‌వాడీలో పదకొండు మంది.
పప్పుకు, గుడ్డుకు, బరువుకు, జబ్బ కొలతకు
అన్నిటికీ రిజిస్టర్లున్నాయి.
మాటకు లేదు.

ఆ మధ్యాన్నం, పిల్లోళ్లు నిద్రపోయినాక
వేళ్లమీద లెక్క పెట్టుకున్నాను.
అమ్మ మొదటి రోజే వచ్చేస్తుంది.
యాడి రావాలంటే
అచ్చులన్నీ దాటాల, క నుంచి మ దాకా నడవాల,
అప్పుడు య కాడ నిలబడి ఉంటుంది ఆమె,
ఆఖరి బస్సు దిగినదాని మాదిరి, నెత్తిన మూటతో.
అందాక పిల్లోడు ఆగుతాడా?
నేనైతే ఆగలేదు.

మరుసటి రోజు సుద్దముక్కతో గోడకు,
వరుస తప్పించి, య రాసినాను.
య. యాడి.
పదకొండు గొంతులు ఒక్కసారే అరిచినాయి.
పొయ్యికాడి ఆయా నారాయణమ్మ
పామొచ్చిందేమోనని గంటె పట్టుకుని ఉరికొచ్చింది.
ఆయమ్మది కింద ఊరు.
"యాడ? యాడ?" అంటుంది.
"యాడి! యాడి!" అంటారు వీళ్లు.
ఊరికీ తండాకూ
ఒక్క గుడి తేడా.
నవ్వి నవ్వి గోడకు చేరగిలబడినాను.

లోకేశు మాత్రం నవ్వలేదు.
"మా యాడి యాడ?" అన్నాడు,
రెండు మాటలూ పక్కపక్కన పెట్టి.
ఇన్నేళ్లలో నేనెవరికీ అంత మంచి వాక్యం నేర్పలేదు.
బెంగుళూరులో, ఏడో అంతస్తులో, ఇటుకలెత్తుతాందిరా
అని చెప్పలేక
చేతికి పలక ఇచ్చినాను.

శుక్రవారం వాళ్లవ్వ గమ్లీబాయి వచ్చింది.
ట్రంకుపెట్టె అడుగునుంచి ఫేటియా తీసుకొచ్చి
చాపమీద పరిచింది. కర్పూరం గోలీల వాసన.
గుత్తి సంతలో "సుగాలోళ్లొచ్చిరి" అంటారని
ఆమె కోడలు నైటీకి మారింది, నేను చీరకు.
పిల్లోళ్లు అద్దాల మీద వాలినారు.
ఒక్కో దాంట్లో ఒక కన్ను, సగం ముక్కు, ఊడిన పన్ను.
ఇది నేను. కాదు, ఇది నేను.
జరుగు, నీ మొకం నా అద్దంలోకి వస్తాంది.

ఒకచోట అద్దం లేదు.
చుట్టూ ఎర్రదారం కుట్టు మాత్రం ఉంది, కంటిరెప్ప మాదిరి.
ఎక్కడ రాలిందో అవ్వకు గుర్తులేదు,
గుంటూరు మిరపచేలలోనో, పోయొచ్చిన లారీలోనో.
లోకేశు ఆ ఖాళీలో వేలు పెట్టి
చాలాసేపు కూచున్నాడు. ఆనక దాన్నే అడిగినాడు,
"తారో నామ్ కాయీ?"

సోమవారం తనిఖీ.
సూపర్‌వైజరమ్మ చార్టు చూపించి
ఇదెవరు నాన్నా అంది.
"అమ్మ" అన్నాడు చక్కగా.
శభాష్ అంది.
"మీ అమ్మ" అన్నాడు వాడు. "మా యాడి ఆడుంది."
సుద్దతో రాసిన య వైపు వేలు.

"అక్షరక్రమం పాటించుటలేదు" అని ఎర్రసిరాతో రాసి
నన్ను సంతకం పెట్టమంది.
కె, చుక్క, సక్రీబాయి. పదహైదేళ్ల అలవాటు.
ఆ చుక్క పెట్టే కాడ కలం ఆగింది.
కేతావత్ అని నిండుగా రాసినాను.
చోటు చాలక
బాయి పక్క గడిలోకి పోయింది.