ఉభాల నడక

పాత బస్టాండు దగ్గర పది రూపాయలకి
అరిటాకులో చుట్టి ఇచ్చాడు వంగనారు.
వేళ్ళకి ఇంకా ఎవరి మడి బురదో.

మేడ మీద, కళింగపట్నం చేపలొచ్చిన తెల్ల పెట్టె.
మేకు కాల్చి అడుగున ఏడు చిల్లులు పెట్టాను.
ఎంత కడిగినా నీచు పోలేదు,
రాత్రంతా ఒక పిల్లి దాన్నే నమ్ముకుని కూర్చుంది.

మన్ను రెండు పాళ్ళు, ఏటి ఇసక ఒక పాలు, గత్తం ఒక పాలు
ఫోన్లో చూసి కొలుచుకుంటుంటే
మెట్లు తుడవడానికొచ్చిన అసిరమ్మ
చీపురు గోడకి ఆనించింది.
“ఏటి పాపా, పసిగుంటకి ఉగ్గు కలిపినట్టు!
లెగు. ఇలగియ్యి.”

చీర మోకాళ్ళ పైకి ఎగ్గట్టింది.
మేడ మీద బురదే లేదు, అయినా ఎగ్గట్టింది.
నారుకట్ట ఎడమ చేతిలో.
కుడి బొటనవేలు మన్నులోకి దిగడం నేను చూడలేదు,
పైకొచ్చేసరికి మొక్క నిలబడి ఉంది.
పెట్టె అయ్యింది, పెయింటు డబ్బాలు అయ్యాయి,
పగిలిన బకెట్టు, నూనె డబ్బా,
వంగింది వంగినట్టే ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ
నడుముకి ఏదో తగిలేదాకా.

తిరిగి చూసింది.
గట్టు కాదు. నల్లటి నీళ్ళ ట్యాంకు.

అప్పుడు చూశాం ఇద్దరం,
ప్రతి కుదురులోనూ మూడేసి మొక్కలు!
“ఓలమ్మ! వరి అనుకున్నాది నా సెయ్యి.”
నవ్వు ఆగక అక్కడే కూలబడింది.

గార అవతల వాళ్ళ కామందు
ఉభాల మళ్ళలో సరుగుడు వేసి ఆరేళ్ళట.
“సరుగుడు ఒకపాలి నాటితే సరి.
మరి పిలవరు.”
అంతే అంది.
మూడేసి మొక్కల్నీ విడదీస్తూ కూర్చున్నాం.
వేరుకి వేరు చిక్కుపడ్డ చోట ఊదింది,
కంట్లో నలుసు ఊదినట్టు.

మధ్యాహ్నానికి అన్నీ తలలు వాల్చేశాయి.
పక్కింటి వాకిట్లో అంట్లు తోముతున్నదాన్ని
పిట్టగోడ మీంచి కేకేశాను.
“సావలేదు, బెంగెట్టుకున్నాయి. కొత్త సోటు కద.
మూడ్రోజులు నీడన ఒగ్గీ.
ఊరికే సూడకు, సిగ్గుపడతాయి.”

చూడకుండా ఉండలేకపోయాను.
నాలుగో నాడు లేచాయి, రెండు తప్ప.

చెబుదామని పరుగున మెట్ల దాకా వచ్చి ఆగాను.
తడిగుడ్డతో అసిరమ్మ
వంగి, వెనక్కి వెనక్కి,
ఒక్కో మెట్టూ దిగుతోంది.
తడి ఆరేదాకా
పైమెట్టు మీదే నిలబడ్డాను, చెప్పులు చేత్తో పట్టుకుని.