రెండు దిక్కుల గంతలు

దేవరకొండ బస్టాండు ఎదురుంగ
ఎనిమిదడుగుల మందుల దుకాణం నాది.
షట్టరెత్తంగనే, అగరుబత్తి కంటె ముందు
ఫోన్ల షేరు ధర చూసి
క్యాలెండరు గళ్లల్ల పెన్సిలుతోని రాసుడు
పోయినేడు పట్టుకున్న జబ్బు.

కంపెనీ అంటె ఎంత కంపెనీ అనుకున్నరు?
శామీర్‌పేట దిక్కు కిరాయికున్న ఒక అంతస్తు,
పందొమ్మిది మంది మనుషులు,
వాళ్ల కన్న ఎక్కువ ఎలుకలు.
అమ్మెతందుకు ఒక్క గోలి లేదు.
ఉన్నదల్లా ఒక అణువు,
దానికింకా పేరు గూడ పెట్టలే,
నాలుగంకెల నంబరు.
కార్జం మీది గడ్డను కరిగిస్తదని
ఎలుకల్ల తేలిందట.

మందుల బ్యాగు దించకుండనే
రెప్పు ఉపేందర్ చెప్పిండు:
"అక్కా, ఇసొంటియి పదిట్ల తొమ్మిది మునుగుతయి.
పదోది నిన్ను లేపుతది."
ఈ లెక్క నాకు కొత్త గాదు.
మా నాయిన మర్రిగూడ చెల్కల
ఏడు బోర్లేసిండు.
ఏడోదాంట్ల నీళ్లు పడ్డయి.
ఆ నీళ్లే తాగి మా చెల్లె
నోటికి కొంగడ్డం పెట్టుకోని నవ్వుడు నేర్చింది.

అయినా కొన్న.
చిట్టీ ఎత్తిన పైసల్ల సగం,
ముప్పై ఎనిమిదికొకటి.

ముత్తిలింగం బోరుబండి మీద
ఇరవై ఏండ్లు పైపులు దించిన మనిషి.
మంగళారం మంగళారం పట్నం బస్సు దిగి
వాంతుల గోలీలకు నా కాడికే వస్తడు.
"పెద్ద దవఖానల కొత్త మందుకు
నా పేరు రాసుకున్నరు" అని
మడతలిప్పి చూపిన కాయితం మీద
అవే నాలుగంకెలు.
ఆ రోజు చిల్లర తప్పిచ్చిన.

అప్పట్నుంచి అడుగుడు మొదలు.
అన్నం పోతున్నదా? బరువెంత చూపిచ్చింది?
ఆయన బెల్టు ఒక బొక్క వదులైతే
నా లోపల ఒక గీత పైకి లేచేది.
ఆయన కండ్లు పసుపెక్కిననాడు
అమ్మేద్దామని వేలు ఫోను మీదికి పోయింది.
పోయి ఆగింది.
మంచితనం అనుకునేరు,
అప్పటికే మార్కెటు బందయింది.

"సెలైన్ల కలిపేది మందో, ఉత్త నీళ్లో
డాక్టరమ్మకు గూడ తెల్వదట బిడ్డా.
ఇద్దరికి గంతలే," అని నవ్విండు ముత్తిలింగం.
"బోరే నయం,
దుమ్మొస్తె దుమ్మని కనవడ్తది."

ఒకనాడు ఆయన భార్య సాలమ్మ
ఒంటిగ వచ్చి బత్తాయిలు పెట్టి పోయింది.
"అయినోళ్లు మర్శిండ్రు, నువ్వడుగుతున్నవు తల్లీ"
అనుకుంట పోయింది.
నాలుగు బత్తాయిలు
గల్ల పక్కన తోలు ముడుతలు పడెదాక ఉన్నయి.
తినబుద్ధి కాలే. పారేయబుద్ధి కాలే.

ఒక శుక్రారం పొద్దున
కంపెనీ ఒక్క వాక్యం రాసింది:
ఆశించిన తేడా కనిపించలేదు.
డెబ్బై ఒకటి మీదున్న షేరు
అమ్ముదమంటె కొనెటోడు లేక
ఐదు దినాలు మెట్టు మెట్టు దిగి
ఇరవై మూడు కాడ కూసున్నది.
ఉపేందర్ ఫోనెత్తలే.
నేను గూడ ఎక్కువ సార్లు చెయ్యలే.

మంగళారం బస్సొచ్చింది.
ముత్తిలింగం అదే సంచి, అదే చెప్పులు.
"బందు పెట్టిండ్రట," అన్నడు.
"నాకు పోసింది ఏందో ఇంక చెప్పలే."
గోలీలు కత్తిరించుకుంట అడిగిన:
అన్నం పోతున్నదా?
ఇప్పుడా మాట ఎనక
లేశెటందుకు గీత లేదు, పడెటందుకు ధర లేదు.
మునుపు అడిగింది నేనా, నా పైసలా?
చెప్పుమంటె నాకూ గంతలే.

"నిన్న రాత్రి జొన్నరొట్టె తిన్న," అన్నడు,
"సగం."

ఆయన పోయినంక
క్యాలెండరు గడిల
ధర రాసె జాగల రాసిన:
సగం రొట్టె.