గోరంత ఎరుపు

ఆ మూత విప్పడానికి రెండు నిమిషాలు పట్టింది.
అరవై ఏళ్ల దుమ్ము, ఒక ఎండిన సాలీడు,
సున్నాలు వేసినవాళ్లు మూతతో సహా పూసేసిన
మూడు పొరల తెలుపు
నా కళ్లజోడు మీద రాలాయి.
మెయిన్ కట్టేసే ఎక్కాను.
మళ్లీ దిగి చూసుకున్నాను, ఇంకోసారి దిగాను.
అంతవరకూ తెలివిగానే ఉన్నాను.

స్వాన్సీలో వాన ఆగాలంటే కారణం కావాలి,
కురవడానికి అక్కర్లేదు.
ఆ ఆదివారం కూడా అంతే.
ఈ ఇల్లు నా పేరున పడి పదకొండు రోజులు.
నలభై ఏడేళ్లకు మొదటిసారి
మేకు కొడితే అడిగేవాళ్లు లేని గోడలు.

కరెంటు పనివాడు ఫోన్లోనే నూట నలభై పౌండ్లన్నాడు,
అదీ వచ్చే నెల.
కొత్త లైటు ఖరీదు ఇరవై రెండు.
లెక్కల టీచరుని కాను, బడిలో వంట చేస్తాను,
అయినా ఆ తీసివేత నాకొచ్చు.

ఒకటి వస్తుంది, ఒకటి పోతుంది, అంతేగా అనుకున్నాను.
లోపల మూడు జతలు.
ఎర్రవి మూడు, నల్లవి మూడు,
గూట్లోంచి నోళ్లు తెరిచిన పిల్లల్లా నా వైపు.
ఒక నల్లదాని మెడ మీద
ఎర్రటి చుక్క, గోరంత.
పెయింటు మరక అనుకున్నాను.
ఇరవై ఏళ్లు పళ్లాలు తోమిన చెయ్యి,
మరక కనబడితే ఊరుకోదు.
గోటితో గీకేశాను.

ఎరుపంతా ఒకచోట కట్టాను, నలుపంతా ఒకచోట,
బడిలో చెంచాలూ ఫోర్కులూ వేరు చేసినట్టు.
మెయిన్ వేశాను.
వెలిగింది!
స్విచ్చు మీద చెయ్యి కూడా వెయ్యలేదు,
అడగకముందే వెలిగింది.
అడగకముందే నవ్వే మనుషులు ఎదురైతే
వీధి దాటి అటు వెళ్లేదాన్ని,
లైటుని మాత్రం నమ్మేశాను.
నిచ్చెన మీదే చప్పట్లు కొట్టుకున్నాను.
దిగి, ఆర్పుదామని స్విచ్చు నొక్కాను.

టప్.

కింది గదులన్నీ ఒక్కసారే కళ్లు మూసుకున్నాయి.

పక్కింటి ఇద్రిస్ టార్చితో వచ్చాడు.
ముప్పై ఏళ్లు ఉక్కు ఫ్యాక్టరీలో కరెంటు పని,
ఇప్పుడు మోకాళ్లు నిచ్చెన ఎక్కనివ్వవు.
కిందనుంచే మెడ సాచి చూశాడు.
"నల్లవన్నీ ఒక్క ఇంటివే అనుకున్నావు, నెరిస్.
అందులో ఒకటి స్విచ్చు దాకా వెళ్లి తిరిగొచ్చేది.
కట్టుకున్నది నలుపు, మోసేది కరెంటు.
అందుకే దానికో ఎర్ర గుర్తు పెడతారు.
లేదా అక్కడ?"

ఉండేది, అన్నాను.

గోటి కింద ఇంకా కాస్త ఉంది.
చెయ్యి చాపమని, టార్చి వేసి,
చాలాసేపు చూశాడు.
"పెయింటు కాదిది. గోళ్ల రంగు.
మిసెస్ ప్రోథరో ఎప్పుడూ ఇదే వేసుకునేది."
మొగుడు ఓడల మీద ఉండేవాడట,
ఏడాదికి రెండుసార్లు ఇంటికి.
ఆవిడ నిచ్చెన ఎక్కడం ఇద్రిస్ చూడలేదట.
వీధిలో ఎవరూ చూడలేదట.

మెయిన్ మళ్లీ కట్టి, తీగలన్నీ విడదీశాం.
నేను పైన అతని పాత మీటరుతో,
అతను కింద స్విచ్చు దగ్గర.
మొదటి జత పలకలేదు. రెండోదీ అంతే.
మూడోది, అతను నొక్కితే పీక్, వదిలితే మౌనం.
"అదే," అన్నాడు, తప్పిపోయిన కుక్క దొరికినంత తేలిగ్గా.
జేబులోంచి ఎర్ర టేపు పైకి విసిరాడు.
రెండు చుట్లు చుట్టాను. అతను మూడు చుట్టమన్నాడు.

ఇప్పుడు నొక్కితే వెలుగుతుంది, నొక్కితే ఆరుతుంది.
లైటు కొంచెం పక్కకి ఒరిగింది.
దాని చుట్టూ పాత మూత వదిలిన
ఆకుపచ్చ వలయం,
ఈ గది ఒకప్పుడు ఏ రంగులో ఉండేదో చెబుతూ.
దాని మీద తెలుపు పూయాలి. పూస్తాలే.

సోమవారం బడి వంటింట్లో చేతుల తనిఖీ.
గోళ్ల రంగు నిషేధం, అది నాకూ తెలుసు.
ఈ బొటనవేలి గోటి కింద ఏమిటి ఎర్రగా,
అని అడిగింది సూపర్వైజరు.

కరెంటు, అన్నాను.