చుక్కల గీత

మ్యాపులో చుక్కల గీత.
నేల మీద అయితే గొర్రెలు కూడా మరిచిన దారి.

ఎవరూ నడవకపోతే దారి చచ్చిపోతుందని
మ్యూరియల్ థ్వైట్ నమ్మకం.
అందుకే ఏడాదికోసారి, ఏప్రిల్లో,
జేబులో ఉడకబెట్టిన గుడ్డు,
చేతిలో ముళ్ళకంపలు కొట్టే కత్తెర,
వెనకాల నేను.

సున్నం లేకుండా పేర్చిన రాతిగోడలు
యార్క్‌షైర్ కొండ మీదికి ఎగబాకి,
అలిసి, అక్కడే పడుకున్నాయి.
పైన సున్నపురాయి బయలు.
పగుళ్ళలోకి వంగి చూస్తే
మోచేతి లోతున ఫెర్న్ ఆకులు,
గాలికి దొరక్కుండా దాచుకున్న పచ్చదనం.
"ఇక్కడ సముద్రం ఉండేది" అంటుంది,
మొన్ననే ఇల్లు ఖాళీ చేసిన
పొరుగువాళ్ళ గురించి చెప్పినట్టు.

వాన మొదలైంది.
ఇక్కడ దాన్ని ఎవరూ పట్టించుకోరు,
టోపీలు తప్ప.

దిగువన ఆల్డ్‌రాయిడ్ పొలం.
దారి తన గడ్డిలోంచి పోకూడదని
పదకొండేళ్ళు కోర్టు చుట్టూ తిరిగి
ఓడిపోయిన మనిషి.
ఆమెతో మాట్లాడడు.
మాట్లాడేదంతా ఆయన కుక్కే.

గోడ దాటే మెట్ల దగ్గర
మ్యూరియల్ ఆగిపోయింది.
నిరుడు ఇక్కడే మోకాలు లేవక
నా భుజం పట్టుకుని ఎక్కింది,
ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసింది కూడా.

ఈసారి కింద ఇంకో రాయి.
ఇంకా నాచు పట్టనిది,
కదలకుండా పాతింది,
సరిగ్గా జానెడు ఎత్తు.

దూరంగా ట్రాక్టరు మీద ఒక టోపీ.
ఇటు తిరగలేదు.

ఆమె గడ్డికేసి బూటు తుడుచుకుని మరీ
ఆ రాయి మీద కాలు పెట్టింది.