మిగిలిన రంగు

ఏటా ఆగస్టు పది దాటాక
పంచాయతీ నుంచి కబురొస్తుంది నాకు.
సెంటర్లో స్తూపం మీద పదకొండు పేర్లు
మళ్ళీ దిద్దాలి.
ఉప్పుటేరు గాలికి ఏ రంగూ ఏడాది నిలవదిక్కడ.
ముందు దీర్ఘాలు రాలతాయి, తర్వాత ఇంటిపేర్లు,
ఆనక ఎవరెవరో పోల్చుకోలేం.

పదకొండుమందీ మెడలో దండలతో
చల్లపాలెం పర్రలోకి నడిచెళ్ళి
గుప్పెడు ఉప్పు వండి దేశం తెచ్చినవాళ్ళే.
కాదనను.
వాళ్ళ ఒంపులన్నీ నా కుంచెకి కంఠతా వచ్చు.

కానీ ఆ పొయ్యి మీద కుండ ఎవరిది?
చవుడు గీకి, నీళ్ళు పోసి వడగట్టి,
మడకంపలు ఎగదోసి
తెల్లారేదాకా మరగబెట్టడం
వాళ్ళకెవరు చూపించారు?

మా అమ్మమ్మకి అమ్మ, పెమ్మాడి నూకాలు.
ఆ దండలకి ఆరేళ్ళ ముందే
సాల్టు జవాను ఆవిడ కుండ తన్నాడు.
సలసల కాగే ఉప్పునీళ్ళు పాదం మీద పడి
చచ్చేదాకా కుంటింది.
రాజమండ్రి జైల్లో మూడు నెలలు.
కాగితంలో రాసింది: ఉప్పు దొంగ.
ఊళ్ళో పిలిచిందీ అదే.
గంజిలోకి కాస్త ఉప్పు కావాలనుకుంది ఆవిడ.
స్వరాజ్యం అనే మాట
అప్పటికింకా మా పల్లిపాలెం దాకా రాలేదు.

"పన్నెండో పేరుకి చోటుందాండీ" అనడిగితే
ప్రెసిడెంటు గారు నవ్వేరు.
"ఏం మాట్లాడతావోయ్ లోవరాజూ,
అది కేసు. ఇది ఉద్యమం."
ఆయన చేతిలో ఉప్పద్దిన జాంకాయ ముక్క.

రాత్రి స్తూపం దగ్గర ఒక్కణ్ణే కూర్చుని
ఉప్పుకాగితంతో పాతరంగు గోకుతుంటే
పేర్ల కింద రాయి తెల్లగా పూసుంది.
వేలికద్దుకుని నాలిక్కి రాసుకున్నా.
ఉప్పే.
ఏటేటా అక్షరాల్ని
లోపల్నించి నెట్టేది ఇదేనన్నమాట.

పదకొండూ దిద్దాను.
పోయినేడు మరిచిపోయిన వత్తు
ఏడో పేరుకి పెట్టాను కూడా,
ఆయనకి మాత్రం అన్యాయం ఎందుకు.
డబ్బా అడుగున ఎర్రరంగు
ఇంకో పిసరు మిగిలింది.

కాసేపట్లో జెండా ఎగరేస్తారు.
పెద్దలంతా చెప్పులు విడిచి ఎక్కే
కింది మెట్టుంది చూశారూ,
అక్కడ వంగి
"నూ" రాశాను.
"కా" రాశాను.
కోడి కూసింది.
"లు" ఇంకా పచ్చిగానే ఉందండి,
తొక్కితే పాదాలకి అంటుతుంది మరి.