విలువ కట్టే మనిషి

పొద్దున్నే డాబా మీద ఊక బూడిద ఊడ్చిన.
మిర్యాలగూడ మిల్లులు రాత్రంతా దగ్గుతయి,
ఆరేసిన చీరకైనా, నీళ్ళ ట్యాంకుకైనా ఒకటే రంగు.
ఇయ్యాల బ్యాంకు మనిషి కొలతలకొస్తడు.

రెండు బేరాలున్నయి.
లింగయ్య సేటు ముప్పైమూడంటడు,
శుక్రవారం కల్లా మొత్తం నగదు, సంచి కూడ ఆయనదే.
జాటోతు కిషన్, కరెంటు లైన్‌మన్, ముప్పైఎనిమిదంటడు,
ఆ పైసలు ఇంక పుట్టలే,
బ్యాంకు కడుపుల ఉన్నయి.
మధ్యల సైదులు, రెండు దిక్కులా ఒకటే నవ్వు.

ఎక్కువ దిక్కే మొగ్గిన. ఆశ అనుకో.
లేకుంటే, కిషన్ భార్య బుజ్జి వంటింట్ల నిలబడి
ఫ్రిజ్జు పడుతదా లేదా అని
రెండు చేతులు చాపి చూసుకున్నది,
అదనుకో.

వాల్యూయర్ సారు టేపు ఒక కొస నాకే పట్టిచ్చిండు.
నూట ఇరవై గజాలు. కట్టి ఇరవై రెండేండ్లు.
ఏడాదికింత అని కొట్టేసుకుంట పోయిండు.
"బోరుందా?"
ఉంది సార్.
టిక్కు పెట్టిండు.
ఆ నీళ్ళే నా పండ్లకు గార పట్టించినయని
రాసుకునే గడి లేదు.
దూపైతుందంటే క్యాన్ నీళ్ళే ఇచ్చిన.
కుట్టుమిషను కింద నున్నగైన చోట కాలు రాసి
"ఇక్కడ బండ అరిగింది" అన్నడు.
ఎన్ని జాకెట్లకు అరిగిందో చెప్దామనుకున్న.
చెప్పలే.

మూడో రోజుకు తేలింది: ముప్పై ఒకటి.
అండ్ల బ్యాంకిచ్చేది నూటికి ఎనభై.
కిషన్ ఫోన్ల శానసేపు ఏమనలే.
సేటుకు గాలెట్ల తాకిందో, గంటల కబురొచ్చె:
"బ్యాంకే అంత లేదంటుంటె నేనెట్లిస్తనమ్మా, ముప్పై."

ఒక్క గోడ కూలలే, ఒక్క కిటికీ ఊడలే.
భోజనానికీ చాయకూ మధ్యల
ఇల్లు ఎనిమిది లచ్చలు తగ్గింది.

చీకటి పడ్డంక కిషన్ వచ్చిండు,
నడుముకు బెల్టు, జేబుల టెస్టరు.
"ఇంకో బ్యాంకు చూస్త అక్కా. ఇరవై రోజులాగుతవా?"
నేనేమనకముందే, మాట్లాడుకుంటనే,
కుర్చీ ఎక్కి
మిణుకుమంటున్న బల్బు హోల్డరు బిగించిండు.
ఆర్నెల్ల సంది అట్లనే ఉండె అది.

సైదులుకు చెప్పిన, సేటునాగమను.
"ఎన్నాళ్ళు?" అన్నడు.
ఐదో తారీకు నా కిస్తీ ఉంది.
బయాన ఎవ్వరిదీ పట్టలే.
బల్బు మాత్రం మిణకతలేదు.